ఇంట్లో కట్టుకున్న పాత జీపుకు వెనక ఎత్తు ఎలా కుదర్చాలి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ పాత జీపును షెడ్డులో పూర్తిగా విప్పి, తమ చేతులతోనే మళ్లీ కట్టుకునేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, వెనక ఎంత ఎత్తు పెట్టాలి?" అడిగే సమయానికి చాలామంది బండికి టాప్ ఉండదు, స్టెప్నీ ఉండదు, వెనక సీట్లు ఇంకా రెక్సిన్ కుట్టేవాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ స్థితిలో నేను ఏ అంకె చెప్పినా అది తప్పే అవుతుంది. వెనక ఎత్తును ఖాళీ ఛాసీ మీద కొలిస్తే లాభం లేదు. బండి రోడ్డు మీద తిరిగేటప్పుడు ఎంత బరువు ఉంటుందో అంత బరువూ చక్రాల మీద పడ్డాకే కొలవాలి.

నా మొదటి జీపుకు నేను చేసింది సరిగ్గా ఆ తప్పే. ఛాసీ, ఇంజిన్, రంగు వేసిన ఉత్త బాడీ మాత్రమే ఉన్నప్పుడు టేపు పెట్టి చూసి, ఎత్తు బాగుందని, స్ప్రింగులను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించేశాను. టాప్, సీట్లు, టూల్ బాక్స్, నిండా డీజిల్ పడేసరికి వెనక మూడు సెంటీమీటర్లకు పైగా దిగిపోయింది. క్రౌన్ ముక్కు (వెనక యాక్సిల్ నడిమి గుండుకు షాఫ్ట్ తగిలే ముందు భాగం) కోణం మారి, బండి కదిలినప్పుడల్లా సీటు కింద గరగరమని అదురు. షాఫ్ట్ కీలులోని క్రాస్‌ను రెండుసార్లు మార్చాను. తప్పు క్రాస్‌లో లేదని, ఎత్తులో ఉందని ఆలస్యంగా తెలిసింది.

కింద రాసినదంతా వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉన్న బండ్లకు వర్తిస్తుంది. జీపు అయినా, అంబాసిడర్ అయినా, పద్మిని అయినా పద్ధతి ఇదే. కాయిల్ స్ప్రింగుల బండికి కొలిచే పద్ధతి పనికొస్తుంది గానీ, ఎత్తు మార్చే పద్ధతి వేరు.

ముందుగా కావలసినవి

చదునైన సిమెంటు నేల. టేపు, సుద్దముక్క, ఒక నోటుబుక్కు. టైర్లలో గాలి కొలిచే గేజీ. మంచి జాకీ ఒకటి, బరువు ఆపే ఇనుప స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డు పెట్టే చెక్క దిమ్మెలు నాలుగు. టార్క్ రెంచి. కోణం చూపించే డిజిటల్ గేజీ (దొరక్కపోతే ఫోన్లోని లెవెల్ యాప్‌తో మొదట సరిపెట్టుకోవచ్చు, చివరి కొలతకు మాత్రం గేజీ తెచ్చుకోండి). బరువు కోసం బియ్యం బస్తాలు. ఇప్పుడు అంగళ్లలో ఎక్కువగా 26 కిలోల బస్తాలు వస్తున్నాయి కాబట్టి సంచి మీద అంకె చూసి లెక్క వేసుకోండి. ఇసుక సంచులైతే పాత ఇనుము కొట్టు కాటా మీద తూచి, ప్రతి సంచి మీదా బరువు రాసి పెట్టుకోండి.

ఇటుకలు, హాలో బ్లాకులు బండి కింద ఎప్పుడూ పెట్టకండి. అవి ముందుగా హెచ్చరించి పగలవు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి.

1. నేలను నమ్మకండి, కొలవండి

మన ఇళ్ల షెడ్లలో నీళ్లు బయటికి పోవడానికి ఒకవైపు వాలు పెడతారు. కంటికి చదునుగానే కనిపిస్తుంది, కొలిస్తే ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ సెంటీమీటరు తేడా వస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు చక్రాలు నిలిచే చోట్లు చూసుకోండి. పల్లంగా ఉన్న చోట సరిపడా మందం ఉన్న ప్లైవుడ్ ముక్క వేయండి. ఆ నాలుగు చోట్లా పెయింటుతో గుర్తులు పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు కొలిచినా బండిని అక్కడే నిలబెట్టవచ్చు.

వెనక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి. ఒక టైరు కొత్తది, ఇంకోటి అరిగినది అయితే మీరు కొలిచేది కమాన్‌ను కాదు, టైర్ల తేడాను.

2. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి

మడ్‌గార్డు అంచు నుంచి కొలవకండి. ఇంట్లో కట్టిన బాడీలో ఎడమ మడ్‌గార్డూ కుడి మడ్‌గార్డూ ఒకే ఎత్తులో ఉండటం అరుదు. యాక్సిల్ గొట్టం పైభాగం నుంచి సరిగ్గా దాని మీదున్న ఛాసీ అడుగు వరకు కొలవండి. రెండు వైపులా ఒకే చోట సుద్దతో గీత గీసుకోండి. దీన్ని ఇక మీదట 'గ్యాప్' అంటాను. దాంతోపాటు యాక్సిల్ నుంచి బంప్ రబ్బరు (యాక్సిల్ ఛాసీని గుద్దుకోకుండా ఆపే రబ్బరు దిమ్మె) వరకు ఉన్న ఖాళీని కూడా రాసుకోండి.

3. బండికి దాని అసలు బరువు ఇవ్వండి

అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, కాబట్టి తొందరపడకండి.

ఇంకా బిగించనివి ఏమేమి ఉన్నాయో జాబితా రాయండి: స్టెప్నీ, టాప్ ఫ్రేము, సీట్లు, బ్యాటరీ, బంపరు, టూల్ బాక్స్. ఒక్కోదాన్నీ తూచండి. డీజిల్ లీటరుకు సుమారు 0.84 కిలో, పెట్రోలు 0.75 కిలో. అంటే 40 లీటర్ల డీజిల్ ట్యాంకు నిండితే 33 కిలోలకు పైనే. తర్వాత ఆ వస్తువు ఎక్కడ ఉండబోతోందో సరిగ్గా అక్కడే అంత బరువు బస్తా పెట్టండి. స్టెప్నీ బండి తోకకు వేలాడేదైతే బస్తాను కూడా తోక దగ్గరే కట్టండి, ఎందుకంటే యాక్సిల్‌కు వెనక ఉన్న బరువు వెనక కమాన్‌ల మీద దాని అసలు బరువు కన్నా ఎక్కువే పడుతుంది. ముందు సీటు మీది బరువులో కొంత ముందు కమాన్‌లకు పోతుంది. ఇవన్నీ కాగితం మీద లెక్కలు వేసే బదులు బస్తాను సరైన చోట పెడితే చాలు, లెక్క బండే వేసుకుంటుంది.

ఆ పైన మనుషుల బరువు. ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి: మీ జీపు రోజూ ఎలా తిరుగుతుంది? మీరూ పక్కన ఇంకొకరూ అయితే ముందు రెండు సీట్లలో బస్తాలు పెట్టి, ట్యాంకు సగం ఉన్నట్టు లెక్కించి, అదే మామూలు బరువు అనుకోండి. దామలచెరువు మార్కెట్‌కు మామిడి క్రేట్లు వేసుకుని పోయే బండి అయితే మామూలు బరువు అది కాదు. ఆ బండికి వెనక పట్టీలు గట్టిగా ఉండాలి, ఖాళీగా ఉన్నప్పుడు తోక కొంచెం పైకి లేచి కనిపించినా ఒప్పుకోవాలి. ఒకే కమాన్ రెండు పనులకూ సమానంగా సరిపోదు. ఎక్కువ రోజులు చేసే పనికి తగ్గట్టు కుదర్చండి.

అనుమానం ఉంటే దగ్గర్లోని వే బ్రిడ్జికి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం ఒకసారి తూచితే వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో తెలిసిపోతుంది.

4. రెండుసార్లు కొలిచి సగటు తీయండి

కమాన్ పట్టీలు ఒకదానికొకటి రాసుకుంటూ కదులుతాయి. ఆ రాపిడి వల్ల బండిని కిందికి నొక్కి వదిలితే ఒక ఎత్తులో, పైకి ఎత్తి వదిలితే ఇంకో ఎత్తులో ఆగుతుంది. "పొద్దున ఒక కొలత, సాయంత్రం ఒక కొలత వస్తోంది" అని చాలామంది కంగారుపడేది ఇందుకే.

హ్యాండ్ బ్రేకు తీసి, గేరు న్యూట్రల్లో పెట్టి, బండిని రెండు మీటర్లు ముందుకు, వెనక్కి తోసి గుర్తుల మీదికి తీసుకురండి. చక్రాలకు అడ్డు చెక్కలను అంటీ అంటనట్టు పెట్టండి. ఇద్దరు వెనక బంపరు మీద మూడుసార్లు గట్టిగా నొక్కి నెమ్మదిగా వదలండి. రెండు వైపులా గ్యాప్ కొలవండి. ఇప్పుడు ఇద్దరూ బంపరును పైకి ఎత్తి నెమ్మదిగా వదలండి. మళ్లీ కొలవండి. రెండింటి సగటే మీ అసలు గ్యాప్. రెండు కొలతల మధ్య తేడా 10 మి.మీ. దాటితే పట్టీల మధ్య తుప్పు పట్టినట్టే. కట్ట విప్పి, శుభ్రం చేసి, గ్రాఫైట్ గ్రీజు రాశాక మళ్లీ మొదటి నుంచి కొలవండి.

ఇంకో కొలత కూడా ఇప్పుడే తీసుకోండి. యాక్సిల్‌కు సరిగ్గా పైన నాలుగు బస్తాలు, అంటే 104 కిలోలు అదనంగా పెట్టి గ్యాప్ ఎంత తగ్గిందో చూడండి. నా జీపులో 18 మి.మీ. తగ్గింది. ఇక మీదట వెనక యాక్సిల్ మీద 50 కిలోలు పెరిగితే దాదాపు 9 మి.మీ. దిగుతుందని నాకు ముందే తెలుసు. ఈ ఒక్క అంకె రాసిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది.

5. ఎంత ఎత్తు కావాలో తేల్చుకోండి

కంపెనీ మాన్యువల్లో అంకె దొరికితే అదే పట్టుకోండి. దొరకకపోతే నేను పెట్టుకునే లెక్క ఇది: మామూలు బరువుతో బంప్ రబ్బరు దగ్గర కనీసం 75 మి.మీ. ఖాళీ, పూర్తి బరువుతో, అంటే వెనక సీట్లు కూడా నిండినప్పుడు, కనీసం 40 మి.మీ. ఖాళీ. ఈ రెండూ నెరవేరే ఎత్తుల్లో తక్కువ ఎత్తే మంచిది.

కుర్రవాళ్లకు తోక లేపిన జీపు అందంగా కనిపిస్తుంది, ఆ సరదా నాకు తెలుసు. కానీ వెనక లేపితే ముందు స్టీరింగు చెడుతుంది. పాత సీజే-3బీ జీపు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2032 మి.మీ. దానికి వెనక 50 మి.మీ. లేపితే ఛాసీ మొత్తం 1.4 డిగ్రీలు ముందుకు వాలుతుంది. అంత మేరకు ముందు చక్రాల కాస్టర్ (చక్రాలు పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. కాస్టర్ తగ్గిన జీపు రేణిగుంట రోడ్డు మీద పక్కన లారీ దాటిపోతే చాలు, అటూ ఇటూ ఊగుతుంది. వంపు తిరిగాక స్టీరింగు దానంతట అది వెనక్కి రాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి మార్పుల గురించే. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కుంగిన కమాన్‌ను అసలు ఎత్తుకు తేవడం మరమ్మతు. అరడుగు పైకి లేపడం మార్పు. అలాంటి ఆలోచన ఉంటే ముందు ఆర్టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

6. ఒకవైపు కుంగి ఉంటే, తప్పు ఎక్కడుందో ముందు తెలుసుకోండి

ఎడమకూ కుడికీ 5 మి.మీ. వరకు తేడా ఉంటే పట్టించుకోకండి. అంతకన్నా ఎక్కువైతే వెంటనే వెనక కమాన్ విప్పకండి. వెనక కుడి మూల దిగిందంటే కారణం ముందు ఎడమ కమాన్ లేచి ఉండటం కావచ్చు. నాలుగు కాళ్ల బల్ల లాంటిదే ఇది.

తేల్చుకోవడం సులువు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసీ ముందు అడ్డ దూలం సరిగ్గా నడుమ జాకీ పెట్టి, ముందు కమాన్‌ల మీద బరువు పోయేదాకా ఎత్తండి. ఇప్పుడు బండి ముందు ఒక్క బిందువు మీద నిలిచింది కాబట్టి పక్కకు వాలేది వెనక కమాన్‌ల వల్లే. వెనక గ్యాప్‌లు సమానమైతే తప్పు ముందు కమాన్‌లది. తేడా అలాగే ఉంటే వెనకది. ఈ పరీక్ష చేసేటప్పుడు కిందికి ఎవరూ దూరకూడదు.

తప్పు వెనకదే అయితే కట్టలను కుడి ఎడమలు మార్చి బిగించి చూడండి. తేడా కట్టతోపాటు అటువైపు పోతే కట్ట కుంగింది. పోకపోతే షాకిల్ (కమాన్ చివరను ఛాసీకి కలిపే ఊగే లింకు) గానీ, ఛాసీ బ్రాకెట్ గానీ వంగి ఉంది.

7. ఎత్తు మార్చడం

ఏది చేసినా రెండు వైపులా ఒకేలా చేయండి.

అన్నిటికన్నా మంచి దారి, కట్ట విప్పి కమాన్ సెట్టింగ్ చేసేవాళ్ల దగ్గర వంపు సరిచేయించడం. వాళ్లతో "కొంచెం లేపు అన్నా" అంటే కుదరదు, అంకె చెప్పాలి. కట్టకు రెండు కళ్ల (చివర్లలోని రింగుల) నడుమ దారం కట్టి, దారం నుంచి మెయిన్ పట్టీ నడిమి వరకు ఎంత లోతు ఉందో కొలవండి. గ్యాప్ 20 మి.మీ. పెరగాలంటే ఆ లోతు దాదాపు 20 మి.మీ. పెంచమనండి. రెండు కట్టల లోతూ మీ ముందే కొలిపించుకోండి. పట్టీ ఎక్కించడం వేరు: ఎత్తుతోపాటు గట్టిదనమూ పెరుగుతుంది. బరువు మోసే బండికి అది మంచిదే. ఇద్దరు తిరిగే బండికి అయితే ప్రతి స్పీడ్ బ్రేకరూ వెన్నులో తెలుస్తుంది.

చిన్న సవరణకు షాకిల్ పొడవు మార్చవచ్చు. పొడవు పెంచినదాంట్లో సుమారు సగమే ఎత్తుగా వస్తుంది: 20 మి.మీ. పొడవు పెంచితే 10 మి.మీ. లేస్తుంది. అసలు పొడవు కన్నా 25 మి.మీ. మించకండి, మించితే వంపుల్లో తోక పక్కకు ఊగుతుంది. షాకిల్ వెనక ఉన్న బండిలో దాని పొడవు పెంచితే క్రౌన్ ముక్కు పైకి తిరుగుతుంది, అది 9వ మెట్టులో చూసుకోవాలి.

కమాన్‌కూ యాక్సిల్‌కూ నడుమ ఉక్కు దిమ్మె పెట్టేవాళ్లూ ఉన్నారు. ముందు మీ బండిలో కమాన్ యాక్సిల్ మీద ఉందా, కింద ఉందా చూడండి. మీద ఉంటే దిమ్మె మందం అంతా ఎత్తుగా మారుతుంది. కింద ఉంటే అదే దిమ్మె బండిని దించుతుంది. పాత జీపుల్లో కమాన్ కింద ఉండే బండ్లే ఎక్కువ, అది చూడకుండా దిమ్మెలు చేయించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. దిమ్మె మీద దిమ్మె వద్దు. చెక్క దిమ్మె అసలే వద్దు.

గ్యాస్ మంటతో పట్టీని కాల్చి దించడం మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది. ఆ పట్టీ మొదట కుంగుతుంది, తర్వాత ఏదో ఒక రోజు గుంతలో విరుగుతుంది. పట్టీకి వెల్డింగ్ పెట్టడం, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును కమాన్‌కు తగిలించడం కూడా అంతే ప్రమాదం.

8. బరువు మీద ఉండగానే బిగించండి

రబ్బరు బుష్‌లు ఉన్న బండికి ఇది తప్పనిసరి. బండి గాల్లో వేలాడుతున్నప్పుడు షాకిల్ బోల్టులు బిగిస్తే బుష్ ఆ భంగిమలోనే పట్టేస్తుంది. కిందికి దించాక రబ్బరు మెలి తిరిగి, బండిని కొన్నాళ్లు ఎత్తుగా నిలబెడుతుంది. తర్వాత చిరిగిపోయి ఒక్కసారిగా దిగుతుంది. "కొత్త కమాన్ నెలకే కుంగింది" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే. బోల్టులు చేతితో తిప్పి వదిలి, బండిని దించి, బస్తాలన్నీ పెట్టి, ముందుకు వెనక్కి తోసి, అప్పుడు పూర్తిగా బిగించండి.

మర బుష్‌లు, గ్రీజు నిప్పిళ్లు ఉన్న పాత జీపులకు ఈ గొడవ లేదు. కానీ వాటిలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది, బలవంతంగా తిప్పకండి.

యూ బోల్టులు కొత్తవే వేయండి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు. నాలుగు నట్లనూ మూల నుంచి ఎదురు మూలకు, మూడు విడతల్లో, మీ బోల్టు సైజుకు చెప్పిన టార్క్ వరకు బిగించండి. పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల, కమాన్ కూర్చునే యాక్సిల్ ప్యాడ్ రంధ్రంలో కూర్చుందో లేదో బిగించే ముందే వేలితో తడిమి చూసుకోండి.

9. ఎత్తు మారాక తప్పక చూడాల్సినవి

జాయింట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక యాక్సిల్‌కు అందించే షాఫ్ట్) కోణం: మామూలు బరువు మీద, గేజీని ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ వెనక ఉండే పెట్టె) ఫ్లాంజీ ముఖం మీద పెట్టి చదవండి, తర్వాత క్రౌన్ పినియన్ ఫ్లాంజీ ముఖం మీద. రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. పినియన్ ముక్కు, అంటే క్రౌన్ ముక్కు, ఒకటి రెండు డిగ్రీలు కిందికి చూస్తున్నా మంచిదే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అది పైకి లేచి సరిపోతుంది. పైకి చూస్తుంటే మాత్రం సరిచేయాలి. ఒకవైపు మందం, ఒకవైపు పల్చన ఉండే ఉక్కు ప్యాకింగ్‌ను కమాన్‌కూ ప్యాడ్‌కూ నడుమ వేస్తే కోణం మారుతుంది. ప్యాకింగ్ తిరగేసి వేస్తే తప్పు రెట్టింపవుతుంది కాబట్టి వేశాక మళ్లీ గేజీ పెట్టండి.

ఇప్పుడు ఛాసీని స్టాండ్ల మీద పెట్టి యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. బ్రేక్ హోస్ పైపు బిగుసుకోకూడదు, కొంత వదులు మిగలాలి. షాక్ అబ్జార్బర్ యాక్సిల్ బరువును మోస్తూ వేలాడకూడదు. జాయింట్ షాఫ్ట్ స్లిప్ భాగం (లోపలికీ బయటికీ జారే భాగం) ఊడేంత బయటికి రాకూడదు. పూర్తి బరువు పెట్టినప్పుడు అదే స్లిప్ భాగం లోపల గుద్దుకోకూడదు, కనీసం 25 మి.మీ. కదలిక మిగలాలి. షాకిల్ కూడా పూర్తి బరువులో ఛాసీకి తగలకూడదు.

చివరగా హెడ్‌లైట్లు. వెనక ఎత్తు మారితే వెలుతురు పడే చోటూ మారుతుంది. పని మొదలుపెట్టే ముందే గోడ మీద వెలుతురు అంచుకు గీత గీసి ఉంచితే, పని అయ్యాక దాని ప్రకారం తిప్పుకోవచ్చు.

10. రోడ్డు మీద పరీక్ష

మొదట చంద్రగిరి దాకా నిదానంగా పోయి రండి. ఇంటికి వచ్చాక ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి వేడి చూడండి, మడ్‌గార్డు లోపల టైరు రాసుకున్న గుర్తులు వెతకండి. ఆ తర్వాత భాకరాపేట ఘాట్ మంచి పరీక్ష: ఎక్కుడు, దిగుడు, వంపులు అన్నీ ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డును పరీక్షకు వాడకండి. భక్తుల బండ్ల నడుమ మీరు ఆగితే వెనక వరుస అంతా ఆగిపోతుంది.

బండి కదిలేటప్పుడు మాత్రమే అదిరితే పినియన్ ముక్కు ఎక్కువగా పైకి లేస్తోందని అర్థం. వేగం పెరిగేకొద్దీ అదురు పెరుగుతుంటే వెనక రెండు బస్తాలు వేసి అదే రోడ్డు మీద అదే వేగంతో పోండి. అదురు మారితే కోణం తప్పు. మారకపోతే షాఫ్ట్ బ్యాలెన్సింగ్, చక్రాలు చూడండి.

100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500 తిరిగాక ఒకసారి యూ బోల్టులు మళ్లీ టార్క్ పెట్టండి. కొత్తగా వంపు పెట్టించిన కమాన్ ఈలోపు కొంచెం కూర్చుంటుంది. నా బండ్లలో అది 8 నుంచి 12 మి.మీ. వరకు ఉంది, అందుకే మొదటి రోజు కావలసిన గ్యాప్ కన్నా 10 మి.మీ. ఎక్కువే పెడతాను. 500 దాటాక పెయింటు గుర్తుల మీద నిలబెట్టి, అవే బస్తాలు, అదే గాలితో 4వ మెట్టు మళ్లీ చేయండి. ఆ రోజు వచ్చిన గ్యాప్‌లను ఎడమ, కుడి విడివిడిగా, తేదీతో సహా టూల్ బాక్స్ మూత లోపల పెయింటుతో రాయండి. ఏడాదికోసారి కొలిచి పక్కనే రాస్తూ పోతే, ఏ వైపు కట్ట కుంగుతోందో బండి పక్కకు వాలకముందే తెలుస్తుంది.